పద్దెనిమిదో నంబరు వారం

మా బడి అమీర్‌పేట మెట్రో వెనక సందులో ఉంది. రెండు గదులు, ఒక వరండా. మూడో తరగతి నాది. కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా పిల్లలు నా ‘ఏంటి’ని ఇంకా వెక్కిరిస్తారు, అదీ నా వెనకాల. ఎదురుగా వెక్కిరించే ధైర్యం ఎవరికీ లేదు. నాకు పద్ధతంటే పద్ధతే. పట్టిన పట్టు విడవనని మా ఇంట్లోనూ పేరుంది.

ఆ పద్ధతుల్లో ఒకటి క్లాస్ లీడర్. వారానికొకరు, హాజరు పట్టీలో నంబరు ప్రకారం. సోమవారం ప్రార్థన అయ్యాక ఎర్ర బ్యాడ్జి నేనే పెడతాను. లీడరు సుద్దముక్కలు తేవాలి, నోటుపుస్తకాలు సర్దాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పొద్దున్నే బోర్డు మూలన ‘మొత్తం’ ఎంతమందో, ‘హాజరు’ ఎంతమందో రాయాలి. పెద్దవాళ్లకి నవ్వొస్తుంది గానీ, ఆ రెండు అంకెలు రాయడం కోసం పిల్లలు నెలల తరబడి ఎదురుచూస్తారు.

ఆ సోమవారం పదిహేడో నంబరు పిల్లాడి వంతు. వాడికి బ్యాడ్జి పెడుతుంటే పద్దెనిమిదో నంబరు పిల్ల వచ్చి నా పక్కన నిలబడింది. పంజాగుట్టలో ఓ పాత అపార్ట్‌మెంటుకి వాళ్ల నాన్న వాచ్‌మన్. బక్కపల్చటి పిల్ల, వాన పడ్డా బడి మానేది కాదు.

“టీచర్, గీ వారం నన్ను జెయ్యుండ్రి,” అంది.

“నీది వచ్చే వారం కదా. అప్పటిదాకా ఆగలేవా ఏంటి?” అన్నాను.

వెళ్లి తన చోట కూర్చుంది. మా బడిలో తనకి అదే ఆఖరి వారం. ఆ సంగతి నాకు తెలియదు. ఆ పిల్లకి తెలుసు.

మంగళవారం జానలతో కొలతలు. వరండా పొడవు ఎన్ని జానలో కొలవమంటే ముప్పై ఒక్కమందీ ముప్పై ఒక్క లెక్కలు చెప్పి కొట్టుకున్నంత పని చేశారు. ఆ గోలలో పదిహేడో నంబరువాడు బోర్డు మీద అంకెలు రాయడం మరిచిపోయాడు. ఈ పిల్ల సుద్దముక్క అందుకుంది. నీ పని నువ్వు చూసుకోమని కసిరాను.

బుధవారం ఇంటి నుంచి బడికి దారి బొమ్మ గీయమన్నాను. మెట్రో స్తంభాలు గీసింది, పూలకొట్టు గీసింది, చెరకురసం బండి గీసింది. మా బడిని అన్నిటికన్నా పెద్దగా గీసి, లోపల బోర్డు కూడా పెట్టింది. ఇల్లు మాత్రం లేదు. ‘ఇల్లేది?’ అని ఎర్రపెన్నుతో రాసి ఇచ్చేశాను. ఆ పిల్ల ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.

శుక్రవారం లీడరుకి జ్వరం, రాలేదు. నేను హాజరు తీయకముందే ఈ పిల్ల లేచి నిలబడింది.

“నేను జేస్త టీచర్. గీ ఒక్క రోజే.”

దానికీ నా దగ్గర ఓ పద్ధతుంది. లీడరు రాకపోతే అంతకుముందు వారం లీడరే చేయాలి. ఈ పిల్లకిస్తే తన వారం ఒకరోజు ఎక్కువవుతుంది, మిగతావాళ్లకి అన్యాయం కదా! ఎంత న్యాయమూర్తినో నేను. బ్యాడ్జి పదహారో నంబరుకి పెట్టాను. ఆ పిల్ల కాసేపు నిలబడే ఉంది. తర్వాత కూర్చుంది.

శనివారం మట్టి బొమ్మలు చేయించాను. గంట కొట్టాక అందరూ పరుగెత్తినా ఈ పిల్ల ఉండిపోయి బోర్డంతా తుడిచింది. అది చూసి నా మనసూ కాస్త మెత్తబడింది. సోమవారం నీ వంతు, ప్రార్థనకి ముందే వచ్చేయమని చెప్పాను. సరేనన్నట్టు తలూపింది.

సోమవారం బ్యాడ్జి చేతిలో పట్టుకుని పద్దెనిమిదో నంబరు పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. తన పక్కన కూర్చునే పిల్ల లేచింది.

“వాళ్లు పోయిండ్రు టీచర్. ఆ బిల్డింగ్ కూలగొడుతుండ్రంట. నిన్న సామానంతా ఆటోల ఏసుకొని ఊరికి పోయిండ్రు.”

“నాకొక్క మాట చెప్పలేదేం?”

“మీకు చెప్తే పేరు కొట్టేస్తరు, ఇగ లీడర్ వంతు రాదు అన్నది.”

ఆ పిల్ల నన్ను సరిగ్గానే అర్థం చేసుకుంది. రెండు నెలల క్రితం ఓ పిల్లాడు బడి మారుతున్నామని చెబితే, ఆ రోజే లీడర్ల జాబితాలో వాడి పేరు మీద ఎర్రగీత గీశాను, అందరి ముందూ. ఎనిమిదేళ్ల పిల్ల అది చూసి, ఇల్లు పోతున్న సంగతి వారమంతా కడుపులో దాచుకుంది. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. పిల్లల ముందు ఏడవకూడదని బోర్డు వైపు తిరిగాను.

సుద్దముక్క తీసుకుని నేనే రాశాను. మొత్తం ముప్పై ఒకటి. హాజరు ముప్పై.

పంతొమ్మిదో నంబరువాడు వెంటనే లేచాడు. ఆ అమ్మాయి వెళ్లిపోయింది కాబట్టి మొత్తం ముప్పయ్యేనని, ఇక బ్యాడ్జి తనదేనని గుర్తుచేశాడు. వాడి తప్పేం లేదు, అంతా నేను నేర్పిందే.

“ఈ వారం ముప్పై ఒకటే. నీది వచ్చే వారం,” అన్నాను.

శనివారం దాకా బ్యాడ్జి నా బల్ల సొరుగులోనే ఉంది. అంకెలు రోజూ నేనే రాశాను. రాసిన ప్రతిసారీ అదే అనుకున్నాను, శుక్రవారం ఒక్క పూట సుద్దముక్క ఆ పిల్ల చేతికిస్తే నా సొమ్మేం పోయేదని.