బోదెగోన్ ఏ ఊరు? అనంతగిరి గుట్ట మీద మూడు రోజుల స్పెయిన్ బొమ్మల చదువు

ఈ పేజీ నా బిడ్డ శిరీషది. తాండూరులో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసేది. సెలవుల్లో తిరిగిన చోట్ల గురించి ఇందులో రాసుకునేది. పోయిన వానాకాలంలో జ్వరమొచ్చి, తొమ్మిది రోజుల్లో మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాలనుకున్న ఒక ప్రయాణం మిగిలిపోయింది. అది నేను చేసి వచ్చాను. నేను చదివింది ఏడో తరగతి వరకే, తప్పులుంటే సర్దుకోండి. టైములు, చార్జీలు ఆమె ఎట్లా రాసేదో అట్లాగే రాస్తున్నాను, వెళ్ళేవాళ్ళకు పనికొస్తాయి.

జ్వరం రావడానికి కొద్ది రోజుల ముందు సంగతి. పొద్దున నేను జొన్న రొట్టెలు కొడుతున్నాను. శిరీష పక్క గదిలో బొమ్మ గీస్తూ అక్కణ్ణుంచే కేకేసింది. “అమ్మా, వికారాబాద్ పోయొచ్చినంక నీకు బోదెగోన్ చూపిస్త!” నాకు ‘బోదెగాం’ అని వినపడింది. మాది కర్ణాటకకు దగ్గర. అటువైపు గాం, గావ్ అని ముగిసే ఊళ్ళు ఉన్నాయి. అదీ అట్లాంటి ఊరే అనుకున్నాను. పెనం మీద రొట్టె మాడుతోంది. “సరే తియ్, పోదాం” అన్నాను. ఆమె ఒకటే నవ్వు. ఎందుకు నవ్విందో అప్పుడు అడగలేదు.

ఆమె పోయాక ఆ ఊరు నా తలలో కూర్చుంది. బిడ్డ చూపిస్తానన్న ఊరు, నేనైనా చూసి రావాలి కదా. తాండూరు బస్టాండులో కండక్టర్లను అడగడం మొదలుపెట్టాను. ఒకాయన టికెట్ల మిషన్ చంకలో పెట్టుకొని చాలాసేపు ఆలోచించాడు. “బోదెగామా? ఇరవై ఏండ్ల సర్వీసుల గా పేరు ఇనలేదమ్మా. ఎవలింటికి పోవాలె?” అన్నాడు. ఎవరింటికని చెప్పను? అడగడానికి ఎక్కిన బస్సు దిగి ఇంటికొచ్చేశాను. అట్లా ఆరు నెలలు.

ఇంకొకటి, ఆమె గీసిన ఆఖరి బొమ్మ. జానెడు వెడల్పు కాదు, రెండు చేతులతో పట్టుకోవాల్సినంత అట్ట. అందులో మా వంటింటి కిటికీ ఉంది. కింద అంచున చిన్న ఎర్ర గుర్తుతో మా తాండూరు రాయి గట్టు, ఎడమ పక్కన పైనుంచి దారంతో వేలాడే ఉల్లిగడ్డల గుత్తి, గట్టు మీద రెండు వంకాయలు. ఒక వంకాయ తొడిమ గట్టు అంచు దాటి మన మీదికి వచ్చినట్టు ఉంటుంది. అంతే. కుడి సగం మొత్తం నలుపు. ఆ నలుపులో ఇంకేదో గీయాలనుకుంది, ఈలోగా జ్వరం వచ్చింది అనుకున్నాము. అక్కడ నన్నే గీయాలనుకుందేమో అని నా ఆశ. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన రాళ్ళ పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు. ఆ బొమ్మను గోడకు పెడదామంటే ఆయన ఒప్పుకోలేదు. “సగం బొమ్మను చూసినప్పుడల్ల సగంల పోయిందనే యాదికొస్తది. గీసేటోళ్ళు ఎవరన్న దొరికితే నింపియ్యి, అప్పుడు పెడదం” అన్నాడు. అట్ట బీరువా వెనక ఉండిపోయింది.

శిరీష ఫోనును నేను రోజూ చార్జింగ్ పెడుతూనే ఉన్నాను. చలి తగ్గే రోజుల్లో దానికి ఒక మెసేజ్ వచ్చింది. వానల వల్ల వాయిదా పడిన స్పెయిన్ చిత్రకళ తరగతి అనంతగిరిలో శుక్రవారం మొదలవుతుందని, మూడు రోజులు అక్కడే ఉండాలని. నేను ఫోన్ చేసి సంగతి చెప్పాను. అవతల ఉన్నది పాఠం చెప్పే మేడమే. కాగితాలు తిరగేసిన చప్పుడు వినపడింది. తర్వాత, “ఆమె పేరు మీద గది ఉంది. మీరు రండమ్మా” అంది. నాకు బొమ్మల సంగతి తెలియదన్నాను. “తెలిసినవాళ్ళకు క్లాసెందుకు?” అంది. అక్కడ బొమ్మలు వేసేవాళ్ళు ఉంటారు, నలుపు నింపించుకొని వద్దామని అట్టను పాత చీరలో చుట్టుకొని బయలుదేరాను.

తాండూరు స్టేషన్‌లో పొద్దున ఏడు దాటాక ప్యాసింజర్ ఎక్కాను. టికెట్టు ఇరవై రూపాయల లోపే. వికారాబాద్‌కు గంట పట్టదు, సిగ్నల్ కోసం ఆపితే గంట. ధారూర్‌లో కూరగాయల గంపలు ఎక్కాయి. ఒకామె నా చీర మూట చూసి, “గదేంది అక్కా, అద్దమా?” అని తన గంపను దూరం జరుపుకుంది. వికారాబాద్ స్టేషన్ బయట అనంతగిరికి ఆటోలుంటాయి. గుడి వరకు షేర్ ఆటోకు ముప్పై. తరగతి జరిగే పాత బంగళా గుడికి ఇవతలే, చెట్లలోకి తిరగాలి కాబట్టి విడిగా మాట్లాడుకున్నాను. ఆటో ఆయన రెండు వందలన్నాడు, నూటయాభైకి వచ్చాడు.

“గుడికా అమ్మా, రిసార్ట్‌కా?” అన్నాడు.

“బొమ్మల చదువుకు.”

అద్దంలో నన్నొకసారి చూశాడు. “గీ వయసులనా? మస్తుగుంది. మా అమ్మకు చెప్త, ఆమె కూడ ఇంట్ల ఊకె లొల్లి పెడుతున్నది.” ఆ రోజంతా నేను నవ్వింది అదొక్కసారే.

మొత్తం పన్నెండు మందిమి. నేను తప్ప అందరూ హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు. మొదటి రోజు గోడ మీద వెలుగుతో బొమ్మలు చూపించారు. సాగదీసినట్టు పొడుగ్గా ఉండే భక్తులు, నల్లబట్టల రాజులు, గంట ఆకారం గౌను వేసుకున్న రాజుగారి చిన్న బిడ్డ. అందరూ గబగబా రాసుకుంటున్నారు. నేను పెన్ను పట్టుకొని కూర్చున్నాను. ఆ చిన్న బిడ్డ మొహం చూశాక కూర్చోలేకపోయాను. లేచి బయటికి వచ్చాను. మేడం నా వెనకే వచ్చి, “పేర్లు గుర్తుండకపోతే వదిలేయండమ్మా. మీకు అందులో ఏం కనిపిస్తుందో అది చెప్పండి చాలు” అంది. శిరీష బొమ్మ సంగతి అడుగుదామనుకున్నాను, అడగకుండానే లోపలికి పోయాను.

రెండో రోజు తెల్లవారగానే వంటింటికి పోయాను. చేతులకు పని లేక నిద్ర పట్టదు నాకు. అక్కడ వంట చేసే మరియమ్మది ధారూర్ దగ్గర పల్లె. “నువ్వు చదువ వచ్చినవా, ఉల్లిగడ్డలు కోయ వచ్చినవా?” అని ఎగతాళి చేస్తూనే కత్తి చేతిలో పెట్టింది. ఆమెకు చెప్పడం తేలికయింది. గదికి పోయి అట్ట తెచ్చి చూపించాను. చేతులు తుడుచుకొని చాలాసేపు చూసింది.

“ఉల్లిగడ్డలకు గీ ముడి ఎవలేసిన్రు?”

“నేనే. కంది బస్తాలకు మా నాయిన గట్లనే ఏస్తుండె.”

“గందుకే. గిట్లాంటి ముడి నేను యాడ చూడలే. రెండు మడతలు తిప్పి, కొస కింది నుంచి ఎట్ల గుంజినవో, దారం దారం గీసింది చూడు.”

ఆరు నెలలుగా నేను నలుపునే చూస్తూ వచ్చాను. ముడిని ఆ రోజే చూశాను.

టిఫిన్ అయ్యాక మేడం ఒక ముసలామె బొమ్మ చూపించింది. మట్టి పాత్రలో గుడ్లు వేయిస్తోంది, చేతిలో గరిటె. తెల్లసొన అప్పుడప్పుడే గడ్డకడుతోంది. అందరూ వెలుగు గురించి, నీడ గురించి మాట్లాడారు. మేడం నన్ను అడిగింది. “ఆమె గుడ్ల దిక్కు చూస్తలేదు. వాసన బట్టి చేస్తున్నది” అన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. మేడం మళ్ళీ బొమ్మ దగ్గరికి పోయి చూసింది. “ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, ఈ మాట ఎవరూ అనలేదు” అంది. తర్వాత అందరి వైపు తిరిగి, “ఇట్లాంటి వంటింటి బొమ్మలకు, కూరగాయల బొమ్మలకు స్పెయిన్‌లో ఒక పేరుంది. బోదెగోన్” అంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. “బోదెగోన్ అంటె ఊరు కాదా?” అన్నాను.

“ఊరా?”

కండక్టర్లను అడిగిన సంగతి అంతా చెప్పాను. ఈసారి అందరూ నవ్వారు, నేను కూడా. నవ్వుతూనే ఏడ్చాను. చవక భోజనం దొరికే చోటును వాళ్ళ భాషలో బోదెగోన్ అనేవారట, అదే పేరు ఈ బొమ్మలకూ వచ్చిందట. నా బిడ్డ ఏ ఊరూ చూపిస్తాననలేదు. పక్క గదిలో మా వంటిల్లే గీస్తూ, అది నాకు చూపిస్తానంది. “పోదాం” అంటే ఎందుకు నవ్విందో అప్పుడు తెలిసింది.

తర్వాతి బొమ్మ గోడ మీద పడగానే కళ్ళు తుడుచుకొని దగ్గరికి పోయాను. నాలుగు వందల ఏళ్ళ కింద ఒకాయన గీశాడట, తర్వాత మఠంలో చేరిపోయాడట. రాతి కిటికీ. పైనుంచి దారాలతో వేలాడే ఒక పండు, ఒక క్యాబేజీ. గట్టు మీద కోసిన ఖర్బూజ, అంచు దాటి ముందుకొచ్చిన దోసకాయ. కుడి పక్కన పైనంతా నలుపు, ఏమీ లేదు.

“మిగిలింది ఎందుకు గీయలే?” అని అడిగాను.

“గీశాడమ్మా. ఆ నలుపు కూడా ఆయన గీసిందే. అది వదిలేసిన చోటు కాదు.” మేడం కర్రతో గట్టు అంచును చూపించింది. “ఇక్కడ చూడండి, రాయి మీద తన పేరు రాసుకున్నాడు.”

నేను గదికి పరుగెత్తాను. అట్ట విప్పి కింద చూశాను. శిరీష గీసిన గట్టు అంచు మీద ఎర్రగా ‘శి’ అని ఒక్క అక్షరం ఉంది. అది నేను ముందు చూడని అక్షరం కాదు. ఎన్నోసార్లు చూశాను. మా యూనిట్‌లో బండల మీద కొనేవాళ్ళ పేరులో మొదటి అక్షరం ఎర్ర రంగుతో రాస్తారు. మా కిటికీ బండ అక్కడిదే కాబట్టి దాని మీది గుర్తును కూడా గీసిందనుకున్నాను. కాని మా కిటికీ బండ మీద ఏ గుర్తూ లేదు. నేనే రోజూ తుడుస్తాను. అది ఆమె పేరు. ఇంకొక సంగతి ఆ అట్ట ముందు కూర్చున్నాక తట్టింది. పదేళ్ళు నేనూ ఆ యూనిట్‌లో పని చేశాను. పాలిష్ అయి, కడిగి, ఆరబెట్టాకే బండ మీద గుర్తు వేస్తాం. పని మిగిలిన బండ మీద ఎవరూ వేయరు. ఆ పని చూస్తూ పెరిగిన బిడ్డ, పని మిగలబెట్టి అక్షరం వేయదు.

మేడంకు చూపించాను. ఇది నింపించడానికి తెచ్చానని కూడా చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “నేను నింపాలా?” అని అడిగింది.

“వద్దు” అన్నాను.

మూడో రోజు చెవుడు వచ్చిన ఒక ముసలాయన తన ఇంటి గోడల మీదే గీసుకున్న నల్లటి బొమ్మలను మేడం చూపించింది. అవి నేను ఎక్కువసేపు చూడలేకపోయాను, మరియమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం తర్వాత ముగిసింది. ఆటో స్టేషన్ వరకు, సాయంత్రం బండి తాండూరుకు. ఇంట్లో మా ఆయన అట్ట విప్పి, “మరి ఈ జాగ గట్లనే ఉన్నదేంది?” అన్నాడు. ఎర్ర అక్షరం మీద నా వేలు పెట్టి, “చూడు, మార్కేసింది” అన్నాను. బండల మనిషి, ఇంకేమీ చెప్పే పని పడలేదు. తనూ ఆ అక్షరం మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత లేచి మేకు కోసం వెతికాడు.

బొమ్మ ఇప్పుడు వంటింట్లో కిటికీ పక్కనే ఉంది. అసలు ఉల్లిగడ్డలు ఒక పక్క, ఆమె ఉల్లిగడ్డలు ఒక పక్క. ఆ నలుపులో నన్ను గీయాలనుకుందని ఇన్నాళ్ళూ ఆశపడ్డాను. లేదు, గీయలేదు. కొంచెం బాధగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాని ఇరవై నాలుగేళ్ళకే పోయింది, అన్నీ సగంలోనే వదిలిపోయింది అని రోజూ ఏడ్చిన నాకు, ఆమె పూర్తి చేసి వెళ్ళింది ఒకటి దొరికింది. నలుపు నలుపుగానే ఉంటుంది. రొట్టెలు కొడుతూ దాన్ని చూస్తుంటాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. గుట్ట మీద పొద్దున చలి ఉంటుంది, స్వెటర్ పెట్టుకోండి అని శిరీష అయితే రాసేది. నేను చెప్పేది వేరే. తెలియని మాట చెవిన పడితే అప్పుడే అడగండి. నేను ఆరు నెలలు బస్సులన్నీ తిరిగి అడిగాను. ఆ పొద్దున రొట్టె మాడితే మాడనీ అనుకొని పక్క గదిలోకి పోయి ఉంటే, ఒక్క నిమిషం పట్టేది.