ఈగలపాలెం వ్యుత్పత్తి

పేర్ల మీద పరిశోధన చేసి ఉన్న పేరు పోగొట్టుకున్నవాణ్ణి విశాఖపట్నంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. అంతా నా నోటి దురద. నిన్న పొద్దున్న ముక్కూమొహం తెలియని ఎవరో నా వీడియో నాకే వాట్సాప్‌లో పంపి, ‘తప్పక చూడండి, మన పూర్వుల ఘనత’ అని కింద రాశాడు. చూశాను. భోజనాల బల్ల దగ్గర ఎంగిలి చెయ్యి గాల్లో ఊపుతూ ఒక పెద్దమనిషి నోటికొచ్చింది చెబుతున్నాడు. మీసానికి పులుసు కూడా అంటుకుని ఉంది. ఆ మీసం నాదే.

నేను భాషాశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవు దొరికితే చాలు, రుషికొండ దాటి తీరం వెంబడి పల్లెలు తిరిగి, ఏ పాలేనికి ఆ పేరు ఎందుకొచ్చిందో, ఏ అక్షరం ఎక్కడ అరిగిందో రాసుకునేవాణ్ణి. అందరూ సముద్రానికి గాలి కోసం వెళతారు, నేను పేర్ల కోసం వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ దృష్టిలో నావి మాత్రమే గాలి తిరుగుళ్ళు. అలా తిరిగిన వాటిలో ఈగలపాలెం ఒకటి. ఇసక మీద చేపలు ఎండబెడతారు, ఈగలు ముసురుతాయి. ఓ పూట అక్కడ నిలబడితే ఏ శాస్త్రమూ అక్కర్లేకుండానే ఆ పేరు బోధపడుతుంది.

మా ఆవిడ అన్నగారికి, అంటే మా బావకి, ద్వారకా నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో స్థలాల వ్యాపారం. పెళ్ళినాటి నుంచీ ఆయనకీ నాకూ పడదు. నా చదువు ఆయనకి వేళాకోళం, ఆయన దర్జా నాకు కడుపుమంట, దాచుకోవడం ఎందుకు? ఆయన ఈగలపాలెం పక్కన ఓ వెంచర్ వేశాడు. ఊరి పేరు చెప్పగానే కొనేవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారట. ఓ ఆదివారం భోజనానికి పిలిచి, చేపల పులుసు దగ్గరుండి వడ్డించి, "ఏటి బావా, ఇన్నేళ్ళు పేర్లు తవ్వినావు గదా, ఆ ఈగలకి ఏటైనా మంచి అర్థం సెప్పలేవేటి?" అన్నాడు.

"ఎందుకు లేదు? అక్కడ రుషులు యాగాలు చేసేవారు. యాగాలపాలెం జనం నోట్లో నలిగి ఈగలపాలెం అయింది" అన్నాను వెటకారంగా. ఆయన నవ్వలేదు. అక్కడైనా నాకు అనుమానం రావాల్సింది. ఫోన్ తీసి, "ఇంకోపాలి సెప్పు బావా, పిల్లలకి సూపిత్తాను" అన్నాడు. నిద్రపోయే క్లాసులకి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక మనిషి తనంతట తాను మళ్ళీ చెప్పమంటే ఆగుతానా? గొంతు సవరించుకుని, ‘యా’ ఎలా ‘ఈ’ అవుతుందో కూడా కల్పించి మరీ చెప్పాను.

నెల తిరక్కుండా అక్కడ ‘యాగపురి’ అని ఆర్చి లేచింది. బ్రోచర్ మీద నా ఫొటో, వీడియో ఊరంతా. అప్పటికి నా తిరుగుళ్ళన్నీ కలిపి రాసిన ఊరిపేర్ల పుస్తకం అచ్చుకోసం ఒక సంస్థ దగ్గర ఉంది. అందులో ఈగలపాలేనికి ఎండుచేపల కథే రాశాను. దాన్ని పరిశీలిస్తున్నది నా పాత శిష్యుడే. ఫోన్ చేసి, "పుస్తకంలో చేపలంటారు, వీడియోలో యాగాలంటారు. మిగతా పేర్లన్నీ ఏ భోజనం దగ్గర పుట్టాయో మాకెలా తెలుస్తుందండీ? యాగంలోంచి ఈగ వస్తే, హోమంలోంచి దోమ వచ్చిందా గురువుగారూ?" అన్నాడు. నవ్వులాటకి అన్నానయ్యా అని చెప్పబోయాను. సంజాయిషీ ఇచ్చుకునే హాస్యాన్ని ఎవరు నమ్ముతారు? పుస్తకం తిరిగొచ్చింది. మళ్ళీ దాన్ని ఎవరూ అడగలేదు.

బావ ఆఫీసుకి వెళ్ళి, కనీసం నా ఫొటో తీసెయ్యమన్నాను. కూర్చోమనైనా అనలేదు. "నానేటైనా కల్పించినానా? నీ నోటితోటే సెప్పినావు గదేటి! ఇప్పుడొచ్చి గొడవ సేత్తన్నావేటి? నీ బుక్కు ఎవులు సదువుతారు బావా? నా పున్నెమా అని నీ మొకం నలుగురికీ తెలిసింది, సంతోసించు" అన్నాడు. మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాక గానీ, ఆయన్ని తిట్టడానికి నాకు సరైన మాటలు దొరకలేదు. అప్పటికి అవి విన్నది ఒక ఆటో అతను మాత్రమే.

ఈ మధ్య ఆయన యాగపురిలోనే ఇల్లు కట్టుకుని, చెల్లెలికి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో నాకూ వినిపించింది. "ఇంటికి ఎవులూ పెట్టుకోని పేరు కావాల. సంస్కృతం గట్టిగుండాల. మీ ఆయన్నడుగు, ఆ మాత్రానికైనా పనికొత్తాడు." ఈగని సంస్కృతంలో మక్షిక అంటారని చాలామందికి తెలుసు. నిఘంటువులో దాని పక్కనే, ఎవరూ వాడక కొత్తగా ఉండిపోయిన ఇంకో మాట ఉంది: వర్వణ. అదీ ఈగే. మర్నాడే పంపించాను.

గృహప్రవేశంనాటికి నల్ల గ్రానైట్ మీద బంగారు రంగులో ‘వర్వణా నిలయం’ అని చెక్కించేశాడు. నలుగురిలో నా భుజం మీద చెయ్యేసి, "అర్థం సెప్పు బావా, ఈళ్ళందరూ అడుగుతన్నారు" అన్నాడు. నేను అబద్ధమాడలేదు. "ఒకచోట నిలవదు. తీపి ఎక్కడుంటే అక్కడ వాలుతుంది" అన్నాను. "అంటే లచ్చిందేవే!" అని ఆయన చేతులు జోడించాడు. వచ్చినవాళ్ళూ జోడించారు. నేనూ జోడించాను. గ్రానైట్ మీది అక్షరం అరగడానికి కొన్ని తరాలు పడుతుందట. నిఘంటువు తెరిచే మనిషొకడు ఆ వీధిలోకి రావడానికి అంత కాలం పట్టదు.