వాన దిగని కంబళి

మొన్న కర్నూలులో సర్కారువారు పెట్టిన చేతిపనుల ప్రదర్శనకు మా కోడలు నన్ను బలవంతాన తీసుకుపోయింది. ఒక అంగడిలో మడిచి పేర్చిన కంబళ్లు కనబడగానే, పుట్టింటి అలవాటు పోక, ఒకదాన్ని విప్పించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చింతగింజల గంజి వాసన కోసం వెతికాను లెండి. అక్కడున్న చేనేత శాఖ ఉద్యోగిని, మా మనవరాలి ఈడు పిల్ల, "ఏం వాసన రాదవ్వా, శానా మెత్తగా ఉంటాది" అని ఎంతో మర్యాదగా చెప్పింది. పాపం ఆ పిల్ల తప్పేముంది? అయినా నాకు కోపం వచ్చింది, ఆ వెంటనే దుఃఖమూ వచ్చింది.

ఆలూరు వైపు పుట్టిన నా ఈడువారికి నల్ల కంబళి గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. మా మేనమామ తన నల్లగొర్రెల ఉన్ని కత్తిరించి తెచ్చి మా వాకిట్లో కుప్ప పోసేవాడు, అమ్మ దాన్ని ఏకి వడికేది, నాయన గుంటమగ్గంలో కాళ్లు దించుకొని కూర్చుని నేసేవాడు. నేసినాక చింతగింజలు ఉడికించి రుబ్బిన గంజి పట్టించి ఎండలో ఆరేస్తే అది తలుపుచెక్కలాగా బిగుసుకుపోయేది. గుచ్చుకునే మాట నిజమే, తడిస్తే వాసన వేసే మాటా నిజమే. కానీ గొర్రెల వెంట పోయే మనిషికి వానలో గొడుగూ, చలిలో దుప్పటీ, రాత్రికి పడకా అన్నీ అదే. కొత్త కంబళి తీసుకునేటప్పుడు నలుగురు నాలుగు మూలలు పట్టుకొని నడుమ కడవెడు నీళ్లు పోసేవాళ్లు. కింద ఒక్క చుక్క పడినా నేసినవాడు మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకోవలసిందే. నాయన నేసింది ఏదీ అలా వెనక్కి రాలేదని అమ్మ పండగల్లో చుట్టాలకు చెప్పుకొని మురిసేది.

అలాంటి రోజుల్లో శాఖ నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. మంచి మనిషి, అబద్ధమెందుకు చెప్పాలి. మా ఇంట్లో కొర్రన్నం తిని, నాయన నడుంనొప్పి చూసి, నేతగాళ్లందరి చేత సంఘం పెట్టించాడు, నిలబడి నేసే మగ్గాలు ఇప్పించాడు, మిల్లు నుంచి మెత్తటి ఉన్నినూలు తెప్పించాడు. నేసినదంతా సర్కారు హాస్టళ్లకు శాఖే కొంటుంది, కాకపోతే గంజి వద్దు, పిల్లలకు గుచ్చుకుంటుంది అన్నాడు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టుందని నాయన నవ్వాడే గానీ ఒప్పుకున్నాడు. ఆ ఆర్డర్ల పుణ్యమే నేను హైస్కూలు మెట్లెక్కడం, అమ్మ మెడలో పూసల బదులు గొలుసు పడడం. ఆ కూడు తిన్నదాన్ని, దాన్ని తిట్టడానికి నోరు రాదు.

వానకారు ముందు గొర్రెలకాపర్లు ఎప్పటిలాగే వచ్చేవాళ్లు. ఈ ఆర్డరు పోనీయండప్పా, తర్వాత నేసిస్తాను అని నాయన చెప్పేవాడు, ఆ ఆర్డరు పోయేసరికి ఇంకొకటి వచ్చేది. చివరికి మేనమామే వచ్చి అడిగాడు. కాదనలేక, చేతిలో గంజి కంబళి లేక, నాయన హాస్టలు కంబళి ఒకటి తీసి ఇచ్చాడు. మామ అలవాటు ప్రకారం మూలలు పట్టించి నీళ్లు పోస్తే అన్నీ జలజలా ఆయన కాళ్ల మీదే పడ్డాయి. ఒక్క పెడసరి మాట అనలేదు. నీళ్లు పిండి ఆరేసి మడిచి అమ్మ చేతికిచ్చి, "పిల్లోల్లు కప్పుకోను బాగుండాది బావా, గొర్రెలెంట పొయ్యేటోనికి యాడ పనికొస్తాది" అని మాత్రం అన్నాడు. ఉన్ని కొనేవాళ్లు లేక ఆ మరుసటేడు నల్లమందను అమ్మేసి, మాంసానికి పనికొచ్చే ఎర్రగొర్రెలను తోలుకొచ్చాడు. వాటి ఒంటి మీద వడకడానికి ఏముంటుంది?

కొన్నాళ్లకు హాస్టళ్లు మిల్లు కంబళ్లకు మళ్లాయి, ఆఫీసరుకు బదిలీ అయింది, సంఘానికి తాళం పడింది. నాయన మళ్లీ గుంటమగ్గం దుమ్ము దులిపి, చింతగింజలు కూడా ఏరి పెట్టుకొని, ఉన్ని కోసం ఊరూరూ తిరిగి వట్టిచేతులతో వచ్చాడు.

ఆ ఏడు తొలివానకు మేనమామ మందను తోలుకుపోతూ మా గడప ముందు ఆగాడు. నెత్తి మీది నుంచి మోకాళ్ల దాకా నీలంరంగు ప్లాస్టిక్ పట్ట కప్పుకొని ఉన్నాడు. నాయన వానలోకి దిగిపోయి, బట్ట నాణ్యం చూసినట్టు ఆ పట్ట అంచును రెండువేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు.

"యాడన్నా నీళ్లు దిగినాయా అప్పా?"

"ల్యా బావా, ఒక సుక్క గూడా దిగల్యా."

"మంచిదేలే," అని నాయన లోపలికి వచ్చేశాడు. తల తుడుచుకోమని అమ్మ తువ్వాలిస్తే, దాన్ని చేతిలో పట్టుకొని మగ్గం గుంట వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు.

ఇప్పుడు శాఖవారు పాత నల్ల కంబళిని మళ్లీ నేయిస్తారట, నేర్పే పెద్దవాళ్లుంటే చెప్పమని ఆ పిల్ల నన్ను అడిగింది. నేతకు ఎవరో ఒకరు దొరుకుతారేమో, మగ్గం ఎలాగూ ఇస్తారు. వాన వస్తుందని మబ్బు చూసుకొని మా గడప ముందు నిలబడి "కంబళి అయ్యిందా బావా" అని అడిగే మనిషిని మాత్రం ఏ శాఖ తెచ్చిస్తుంది?