ఒక టిక్కా, టకటకలా?

ఎవరి కారు స్టార్టు కాకపోయినా బసవయ్య గారికి కోపం వస్తుంది. ఆయనకి సొంత కారు లేదు కాబట్టి ఆ కోపమంతా పరాయి కార్ల మీదే, వాటి యజమానుల మీదే. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు ప్లాంటులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ముప్ఫై అయిదేళ్ళు చేసి రిటైరైన మనిషి. పటమటలో ఆయనుండే అపార్టుమెంటు కింద ఏ కారు టిక్కుమన్నా సరే, మూడో అంతస్తులోంచి ముందు అరుపు దిగుతుంది, వెనకాల ఆయన దిగుతారు.

ఆ భయంతోనే రెండో అంతస్తు జయదేవ్, కారు మొరాయించిన రోజున భార్య చేత కూడా తోయించి, చప్పుడు కాకుండా వీధి చివరి దాకా తీసుకెళ్ళి అక్కడ తాళం తిప్పుతాడు. ఒకసారి అదీ వినబడింది. బసవయ్య గారు లుంగీ మీదే వెళ్ళి తిట్టొచ్చారు.

మొదటి అంతస్తు హైమవతికి ఆయన పేరెత్తితే ఒళ్ళు మంట. ఇంట్లో దిగిన వారానికే, కారులో లైటు ఆర్పలేదని నలుగురి ముందూ కడిగేశారు. అప్పట్నుంచీ లిఫ్టులో ఆయన కనబడితే ఆమె మెట్లెక్కుతుంది.

అలాంటిది ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్న ఏడున్నరకి ఆమె కారే మొండికేసింది. తొమ్మిదింటికి ఉయ్యూరులో ఇంటర్ పిల్లల ప్రాక్టికల్సు. ఆమే ఎగ్జామినరు. తాళం తిప్పింది. టకటకటక. మళ్ళీ తిప్పింది. టకటకటక.

“ఎవరది! ఆపండి!”

ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, చేతిలో స్పానరుతో దిగారు బసవయ్య గారు.

“ఒక టిక్కా, టకటకలా?”

“ఏమండీ?”

“ఒక్కసారి టిక్కుమని ఊరుకుందా, గబగబా టకటకలాడిందా అని! తెలుగేగా నేను మాట్లాడేది!”

“టకటకలాడింది,” అంది హైమవతి పళ్ళ బిగువున.

“అయితే స్టార్టరు బతికే ఉంది. దానికి కరెంటు అందట్లేదు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి.”

తిప్పగానే లైట్లు గుడ్డివైపోయాయి.

“బ్యాటరీ దగ్గరే రోగం. బానెట్టు తియ్యండి.”

హైమవతి కింద చెయ్యి పెట్టి తడిమి ఒక మీట లాగింది. పెట్రోలు మూత తెరుచుకుంది. బసవయ్య గారు ఆకాశం వంక చూశారు.

బానెట్టు ఎత్తేసరికి బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంది.

“కాలేజీలో ఏం చెప్తారమ్మా మీరు?”

“ఫిజిక్సు.”

“అందులో ఏ పాఠం?”

ఆమె గొంతు తగ్గించి, “విద్యుత్తు,” అంది.

ఆయన స్పానరు కింద పెట్టి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. “ఆ పిల్లల్ని దేవుడే కాపాడాలి! వేణ్ణీళ్ళు తెండి. గరుకు కాగితం ఉందా?”

గరుకు కాగితం ఆమె బ్యాగులోనే ఉంది. “వైర్ల చివర్లు రుద్దాలని పదిహేనేళ్ళుగా పిల్లలకి చెప్తున్నానండీ,” అంది ఉక్రోషంగా.

“మరి కారుకి చెప్పలేదా?”

ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు విప్పారు. వేణ్ణీళ్ళు పోసి, తుడిచి, రుద్ది, బిగించారు. తిట్టుకీ తిట్టుకీ మధ్య ఊపిరి పీల్చుకున్నారో లేదో తెలియదు గాని, ఇరవై నిమిషాల్లో కారు గుర్రుమంది. ఎంత కోపమున్నా థ్యాంక్స్ చెప్పాలి కదా అని హైమవతి నోరు తెరిచేలోగా ఆయన పక్క సీట్లో కూచుని తలుపేసుకున్నారు.

“మీరెక్కడికండీ?”

“ఈ బ్యాటరీ మీద నాకు నమ్మకం లేదు. దారిలో ఆగితే మీకు ఫిజిక్సు తప్ప ఏమీ రాదు. పోనివ్వండి!”

పెనమలూరు దాకా ఏసీ వేసిందని తిట్టారు. కంకిపాడు దాకా ఏసీ ఆపి చెమటలు కక్కుతోందని తిట్టారు. సాయంత్రమే వేరే ఇల్లు వెతుక్కోవాలని హైమవతి నిశ్చయించుకుంది.

తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా ల్యాబులో అడుగు పెట్టింది. సింధూరి అనే పిల్ల ముందు మీటరు ముల్లు కదలట్లేదు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “ఏడుస్తావేం! కనెక్షన్ చూసుకున్నావా? తెలుగేగా నేను మాట్లాడేది!” అని అరిచేసి, ఆ గొంతు ఎక్కడ విన్నానా అని హైమవతి తనే ఉలిక్కిపడింది. వదులైన మర వేలితో చూపించింది. పిల్ల బిగించింది. ముల్లు కదిలింది. పిల్ల నవ్వింది.

పన్నెండింటికి ఆ రోజు పరీక్ష ముగించుకుని బయటికొచ్చి ఫోను చూస్తే, బసవయ్య గారి భార్య ఛాయాదేవి నుంచి తొమ్మిది కాల్స్. వెంటనే తిరిగి చేసింది.

“ఆయన మీతో ఉన్నారామ్మా? ఫోను ఇంట్లోనే వదిలేశారు. పదకొండింటికి ఇబ్రహీంపట్నంలో ఆయనకి సన్మానం. పాత స్టాఫంతా కూడి పెట్టుకున్నారు. ఎదురుచూసి ఎదురుచూసి నాకు ఫోన్లు చేస్తున్నారు.”

హైమవతి ఫోను చెవికి ఆనించుకునే ఆయన కోసం ఆవరణంతా వెతికింది.

“ఎవరి పని ఆగిపోయినా ఆయన చూడలేరమ్మా. జాలేస్తే అరుస్తారు. పెళ్ళి రోజున అప్పగింతల్లో నేనేడుస్తుంటే నన్నూ ఇలాగే తిట్టారు.”

బసవయ్య గారు సైకిల్ స్టాండు పక్కన ఎవరిదో కారు బానెట్టులో తల దూర్చి ఉన్నారు. అప్పటికి నాలుగు స్టాఫు కార్ల బ్యాటరీలు శుభ్రం చేశారనీ, ప్రిన్సిపాల్ గారిక్కూడా తిట్లు పడ్డాయనీ వాచ్‌మన్ మరియదాసు గుసగుసగా చెప్పాడు.

“సన్మానం ఉందని ఎందుకు చెప్పలేదండీ!” హైమవతి అరుపుకి ప్రిన్సిపాల్ గది కిటికీ తెరుచుకుంది.

“చెప్తే మీరు నన్ను కారెక్కనిచ్చేవారా?” ఆయన తల ఎత్తలేదు. “మీరు రాకపోతే ఇక్కడ నలభై మంది పిల్లలు బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉండేవారు. నాకు శాలువా కప్పకపోతే ఏమైంది? ఈ ఎండల్లో అదొక శిక్ష.”

“ఎక్కండి కారు!”

“ఇప్పుడెందుకమ్మా, అయిపోయుంటుంది...”

“ఎక్కమన్నానా!”

ఉయ్యూరు నుంచి ఇబ్రహీంపట్నం దాకా తిట్టింది హైమవతి. ఫోను మర్చిపోయినందుకు, పొద్దుట్నుంచీ ఏమీ తిననందుకు, పెళ్ళాన్ని కంగారు పెట్టినందుకు. ఆయన “అలాగేనమ్మా” అన్న మాట పదిసార్లన్నారు. అంత వినయంగా ఉన్న బసవయ్య గారిని అపార్టుమెంటులో ఎవరూ చూసి ఉండరు.

హాలు చేరేసరికి ఒంటిగంటన్నర. ముఖ్య అతిథి వెళ్ళిపోయాడు. పాత స్టాఫు మాత్రం భోజనాలు ముగించి, కదలకుండా కూచున్నారు. రత్తయ్య అనే పాత హెల్పరు శాలువా పట్టుకొచ్చి, కప్పాల్సిన అతిథి లేక, హైమవతి చేతికిచ్చాడు.

బసవయ్య గారు సిగ్గుతో మెలికలు తిరిగిపోతూ తల దించేసుకున్నారు.

“నిటారుగా నిలబడండి!” అని గదమాయించింది హైమవతి.

ముప్ఫై అయిదేళ్ళు ఆయన చేత తిట్లు తిన్న హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆయనకో, ఆమెకో తెలియలేదు. బసవయ్య గారు మాత్రం బుద్ధిగా నిటారుగా నిలబడ్డారు.