గొలుసు తీయని తలుపు

మీకు వాళ్ల పాట కావాలి, వాళ్లు మాత్రం మీ గుమ్మం దాటకూడదు. మొన్న శనివారం అమెరికాలో, అల్ఫారెట్టాలోని మీ ఇంటి బేస్‌మెంట్ నల్లవాళ్ల ర్యాప్ పాటలతో దద్దరిల్లుతోంది. మీ అమ్మాయి పార్టీకి పిలిచిన నల్లజాతి క్లాస్‌మేట్ బహుమతి పట్టుకుని వస్తే, తలుపు గొలుసైనా తీయకుండా "పార్టీ అయిపోయింది బాబూ" అని పంపేశారు.

ఆ గొలుసు చప్పుడు నాకు తెలుసు. డెబ్బైలలో నాలాగే ఇంగ్లండ్‌లో పెరిగినవాళ్లకు గుర్తుందా, కిరోసిన్‌తో మండే పారఫిన్ హీటర్ వాసన, చెమ్మకి ఊడొచ్చే వాల్‌పేపర్? వలసొచ్చినవాళ్లంటే పడని, గుండు కొట్టించుకున్న తెల్ల కుర్రాళ్లు మా కిటికీ పగలగొట్టిన రోజు, జమైకా నుంచి వచ్చిన పక్కింటి నల్లజాతి బస్ కండక్టర్ విన్‌స్టన్ అంకుల్ అడ్డం వెళ్లి పన్ను ఊడగొట్టించుకున్నాడు. ఆ కుర్రాళ్లు చిందులేసేదీ జమైకా పాటలకే, మీరు ర్యాప్‌కి ఆడినట్టే.

మర్నాడు ఆయన నాకోసం జమైకా రెగె పాట ఉన్న చిన్న గ్రామఫోన్ రికార్డు తెచ్చాడు. నాన్న దాన్ని గొలుసు సందులోంచే అందుకున్నాడు.

"అంకుల్‌ని లోపలికి రమ్మనవా నాన్నా?"

"నోర్ముయ్. డాక్టరింటికి రావాల్సిన మనుషులా వాళ్లు?"

నేను లోపలికెళ్లి ఆ రికార్డు ప్లేయర్ మీద పెట్టుకున్నాను. అంకుల్ వాచిన మొహంతో మెట్లమీదే నిలబడి, లోపల మోగే పాట కాసేపు విని వెళ్లిపోయాడు.

కాబట్టి వినండి.

ఆ అబ్బాయి ఇంటికి మీరే వెళ్లండి.
అబద్ధం చెప్పామని వాళ్లమ్మ ముందు ఒప్పుకోండి.
మీ అమ్మాయి వింటుండగా క్షమాపణ అడగండి.
ఆ గొలుసు ఊడబీకండి.
ఇవేవీ చేతకాకపోతే పాట ఆపేయండి.