చింపాల్సిన కాగితం

రచయిత వెంకటేశ్వరరావు ఫిల్మ్‌నగర్ ఆఫీసులో నవత పదకొండేళ్లుగా స్క్రిప్టులు టైపు చేస్తోంది. సినిమా చివర ఏమవుతుందో హీరో కంటే ముందు ఆమెకే తెలుస్తుంది. ఇంట్లో మొగుడు బతిమాలినా నోరు విప్పదు. నోరు భద్రమే, చెయ్యే కాస్త పిసినారిది. తప్పుపడ్డ ప్రింట్లను అక్కడికక్కడే చింపెయ్యాలని ఆయన నియమం. వెనకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని చింపాలంటే ఆమెకు ప్రాణం ఒప్పదు. వాటిని రహమత్ నగర్‌లోని ఇంటికి పట్టుకెళ్లి, సాయంత్రాలు వాటి వెనక తాను కుట్టే జాకెట్ల కొలతలు రాసుకుంటుంది.

సోమవారం ఎవరో ఆయన కొత్త సినిమా క్లైమాక్స్‌ను యూట్యూబ్‌లో పొల్లుపోకుండా చెప్పేశారు. వెంకటేశ్వరరావు ఎవరినీ ఏమీ అడగలేదు. అసిస్టెంట్ వరప్రసాద్‌ని మాత్రం ఇక రావద్దన్నారు.

"నిన్ను అనుమానించే పనే లేదమ్మా," అన్నారు నవతతో.

ఆ మాటకు పొంగిపోతూ ఇంటికెళ్లింది. కొలతల కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసింది. క్లైమాక్స్ పేజీ లేదు. శుక్రవారం జూబ్లీహిల్స్ మేడమ్ జాకెట్‌కు పిన్ను పెట్టి పంపింది ఆ కాగితమే!

రెండు రోజులు అన్నం సహించలేదు. చెబితే పదకొండేళ్ల నమ్మకం పోతుంది, పనీ పోతుంది. చెప్పకపోతే వరప్రసాద్‌ని ఇంకే ఆఫీసూ గడప తొక్కనివ్వదు. పాపం, అతను చేసిన తప్పల్లా ఆ గదిలో కూర్చోవడమే.

బుధవారం వెంకటేశ్వరరావు తలుపు వేసి, కొత్త కాగితాలు తీశారు. "ఈ మార్చిన క్లైమాక్స్ నీకొక్కదానికే చెబుతున్నానమ్మా."

"ముందుగాల నేను చెప్పేది వినుండ్రి సార్," అంది నవత. జాకెట్ సంగతి, పిన్ను సంగతి అన్నీ చెప్పేసింది. "వరప్రసాద్ తప్పేం లేదు సార్. నన్నేమన్నా అనుండ్రి."

ఆయన కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేశారు. ఆ సొరుగుకు తాళం ఉందనే ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

తర్వాత ఆయన వరప్రసాద్‌కి రెండుసార్లు ఫోన్ చేశారు. రెండుసార్లూ అతను కట్ చేశాడు.

"నా ఫోన్ ఎత్తడమ్మా వాడు. నువ్వు చెయ్యి."

నవత చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు. ఆమె నోరు తెరిచేలోపే, "అక్కా, అందరూ నన్నే అంటున్నారు. నేను కాదని నువ్వన్నా నమ్ముతావు కదా?" అన్నాడు.

"నమ్ముడేంది తమ్మీ, నాకు ఎరుకే," అంది నవత. "ఆ కాగితం నా చేతుల్లకెళ్లే పోయింది."