కోట గేటు దాకా వెళ్ళిన పెదనాన్నగారు

మా పెదనాన్నగారు పోయారు. కొత్తపేటలో, తన మంచం మీద, నిద్రలోనే. కాకినాడ హాస్టల్లో ఉన్న నాకు నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు దుఃఖం రావడానికి కాస్త టైం పట్టింది. ముందు కోపం వచ్చింది. దారిలో ఎవరింటా ఆగకుండా ఆయన ఒక చోటికి వెళ్ళడం నేనెరిగి ఇదే మొదటిసారి. ఆ పనేదో మొన్న చలికాలంలో చేసి ఉంటే కోట చూసేవారు.

కోట సంగతి చెప్పాలి. పెదనాన్నగారిది ఎరువుల కొట్టు. దేవుడి పటాల పక్కనే పాత కేలండర్లలోంచి కత్తిరించిన కోటల బొమ్మలు అంటించుకున్నారు. యూరియా కోసం వచ్చిన రైతు వాటి చరిత్ర వినకుండా బస్తా ఎత్తుకోవడం కుదిరేది కాదు. ఇంతా చేసి ఆయన ఒక్క కోటా చూడలేదు. ఏమిటండీ ఈ పిచ్చి అని ఒకసారి అడిగాను.

"మన కోనసీమలో ఎక్కడ నించున్నా కొబ్బరిచెట్టు కిందే కదరా. ఒక్కసారి పైన నించుని కిందికి చూడాలి" అన్నారు.

న్యాయమైన కోరికే. మాకు కొండల్లేవు. డాబా ఎక్కినా మట్టలు నెత్తికి తగులుతాయి. పైగా ఆయన మోకాళ్ళు చూసిన డాక్టరు, ఎక్కాల్సినవేమైనా ఉంటే ఈ ఏడే ఎక్కెయ్యమన్నాడు. అందుకని నాన్న కారు తీశారు. నాన్న, నేను, పెదనాన్నగారు, పెద్దమ్మ. గమ్యం కొండపల్లి కోట. కొండపల్లి మాకు పడమట ఉంది. మేము తూర్పుకి బయల్దేరాం, ఐనవిల్లి వినాయకుడికి చెప్పకుండా ఎలా వెళ్తామని.

అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి రావులపాలెం. అక్కడ పెదనాన్నగారి వేలువిడిచిన మేనమామ ఉన్నారు. మావైపు ఒక చట్టం ఉంది: చుట్టం ఉన్న ఊరు మీదుగా కారు వెళ్తే ఆ గుమ్మం ఎక్కి తీరాలి. లేకపోతే ప్రతి పెళ్ళిలోనూ ఆ మాట పడాలి. బైపాస్ రోడ్లు వేయించినవాళ్ళకి చుట్టాలు లేరని పెదనాన్నగారి అభిప్రాయం. తణుకులో కాఫీ అని దిగితే అది పెసరట్టయింది. ఏలూరులో మంచినీళ్ళని దిగితే భోజనం అయింది. భోంచేసిన ఇంట్లో కునుకు తీయకపోతే వంట బాగోలేదనుకుంటారట. ఆయన కునుకు తీశారు. కారు తాళాలు పట్టుకుని నేను వీధిలో పచార్లు చేస్తుంటే కిటికీలోంచి, "అన్ని వందలేళ్ళు ఆగిన కోట మన కోసం ఇంకో గంట ఆగదంట్రా?" అన్నారు.

కోట ఆగింది. గేటు ఆగదు కదా. మేము వెళ్ళేసరికి అది మూయడానికి అరగంటే మిగిలింది. గేటు దగ్గర గార్డు మర్యాదస్తుడు, వేగిరం వెళ్ళి రమ్మన్నాడు. సరేనని పెదనాన్నగారు అడుగు ముందుకేశారు కూడా. అంతలో ఆ గార్డు మా నాన్న అడిగినదానికేదో "ఆయ్" అన్నాడు.

పెదనాన్నగారు ఆగిపోయారు. "ఆయ్ అన్నావంటే మనవాడివే. ఏ ఊరు బాబూ?"

రాజోలు దగ్గరట. ఇక నేను బతిమాలాను, చెయ్యి పట్టుకుని లాగాను, పైన నించుని మాట్లాడుకోవచ్చన్నాను. వాళ్ళిద్దరూ రాజోలు నుంచి ఒక్కో ఇల్లూ తట్టుకుంటూ వచ్చి, చివరికి ఆ అబ్బాయి మా పెద్దమ్మ మేనత్త తోటికోడలి మనవడని తేల్చారు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. గార్డు వాచీ చూసుకున్నాడు.

"మావయ్యగారూ, ఏవనుకోకండి. టైమైపోయిందండి."

"డ్యూటీ డ్యూటీయేనయ్యా అల్లుడూ" అని పెదనాన్నగారు వాడి భుజం తట్టారు. గేటు మూస్తుంటే రెండో రెక్క తనే తోశారు.

తర్వాత మోకాళ్ళు మాట వినలేదు. ఈసారి తిన్నగా వెళ్దాం, ఎక్కడా ఆగొద్దు అని నాకు రెండుసార్లు మాటిచ్చారు. కర్మల రోజున రావులపాలెం, తణుకు, ఏలూరు అన్నీ దిగాయి. ఒక్కొక్కరూ నా చెయ్యి పట్టుకుని, ఆ వేళ మా ఇంట్లో ఎంత బాగా తిన్నారో అని ఏడ్చారు. మీరందరూ కలిసి ఆయన కోటని తినేశారండీ అనాలనిపించింది. వాళ్ళు పెట్టిన పెసరట్లు నేనూ తిన్నాను కాబట్టి ఊరుకున్నాను.

గేటు మూసిన ఆ సాయంత్రం డ్యూటీ దిగాక గార్డు మమ్మల్ని కొండ కింద తన ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మగారు రాజోలు వైపు మనుషుల్ని చూసి చాన్నాళ్ళయిందట, హడావిడిగా ప్లేట్లు కడిగారు. పెదనాన్నగారి కోసం నేనే కుర్చీ ఏరి వాకిట్లో కొండకి ఎదురుగా వేశాను. పైన కోట గోడ మీద ఎండ ఇంకా ఉంది. ఆయన కూర్చున్నారు, చూశారు. అమ్మగారు పునుకులు తెచ్చి వెనకాల అరుగు మీద చతికిలబడగానే లేచి, కుర్చీ ఎత్తి ఆవిడ వైపు తిప్పేసుకున్నారు.

"పెదనాన్నగారూ, కోట అటుందండీ" అన్నాను.

"ఉండనీరా."

ఆవిడున్న రోజుల్లో రాజోలులో కొబ్బరి కాపు ఎలా ఉండేదని ఆవిణ్ణి అడిగారు. ఆవిడ చెబుతున్నారు. ఒళ్ళో ప్లేటుతో ఆయన ముందుకి వంగి వింటున్నారు. ఆయన వీపు వెనక కోట మీద ఎండ మెల్లగా పైకి జరిగి, కొసన కాసేపు నిలబడి, పోయింది.